ఐదో బోర్డు మీది గుండ్లు

కర్పూరం కల్తీదని వికారాబాద్ బజారులో కిరాణా షాపాయనతో గొడవ పెట్టుకున్న రోజే నాకు కళ్లు పోతున్నాయని అర్థం కావలసింది. కాలేదు. నేనంత తొందరగా అర్థం చేసుకునే రకం కాదు.

కర్పూరానికీ కళ్లకూ ఏం సంబంధమని అడుగుతారు. రైఫిల్ గొట్టం చివర, పైభాగాన, చిన్న మేకులాంటి ముక్క ఒకటి నిటారుగా ఉంటుంది. దాన్ని ఫోర్‌సైట్ అంటారు. నేను మేకు అనే అంటాను. కంటి దగ్గరున్న చిన్న రంధ్రంలోంచి చూస్తూ ఆ మేకు కొనను టార్గెట్ మీద నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. మా విద్య మొత్తం ఇంతే. ఎండపడి మేకు మెరిసిందంటే కొన ఎక్కడుందో తెలియదు. అందుకని కాల్పులకు ముందు కర్పూరం వెలిగించి ఆ మసిని మేకుకు పట్టిస్తాం. అప్పుడు నల్లగా, స్పష్టంగా కనబడుతుంది. ఆ ఏడు మాత్రం ఎంత మసి పట్టించినా మేకు నల్లబడలేదు. అంచులు రేగిపోయి ఊలు పోగులా కనబడేది. కర్పూరం మార్చాను. షాపు మార్చాను. రైఫిలు మార్చాను. ఆయుధాల గదిలో పనిచేసేవాళ్లను తిట్టాను. ఆఖరికి ఎండను కూడా తిట్టాను.

మీరు కొత్తగా నౌకరీలో చేరిన పిల్లలైతే నవ్వుకుంటారు. నవ్వండి. నలభై అయిదు దాటాక మీ సంగతి నేనూ చూస్తాను.

నేను జిల్లా సాయుధ విభాగంలో తుపాకీ నేర్పేవాణ్ని. అలాంటివాణ్ని మా దగ్గర ఉస్తాద్ అంటారు. కోట్‌పల్లి దారిలో ఒక గుట్ట అడుగున మా ఫైరింగ్ రేంజి. అక్కడికి వచ్చిన ప్రతి బ్యాచీ నా కేకలు తినే వెళ్లింది. నాది పుట్టుకతోనే కుదురులేని ఒళ్లు. ఒకచోట కూర్చోలేను. ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే వాళ్ల మాట నేనే పూర్తి చేసేస్తాను. అలాంటివాణ్ని నేలమీద బోర్లా పడుకుని రైఫిలు చెంపకు ఆనించుకుంటే చాలు, ఒళ్లంతా సద్దుమణిగేది. నా జన్మలో నేను కదలకుండా ఉన్న క్షణాలు అవే. మేకు రేగిపోయాక ఆ కాస్త నెమ్మదీ పోయింది. ఇంట్లో తిరగడం, వీధిలో తిరగడం, రేంజిలో అటూ ఇటూ తిరుగుతూ అందరిమీదా అరవడం.

మాది ధారూర్ పక్కన పల్లె. మా నాయన గొర్రెలు మేపేవాడు. మందలో ఏ గొర్రె కుంటుతోందో వాగు అవతలనుంచి చెప్పేవాడు. పోయేదాకా ఆయనకు అద్దాల అవసరం రాలేదు. ఆయన కొడుకునై, పైగా ఉస్తాద్‌నై, ముక్కుమీద అద్దాలు పెట్టుకుని రేంజికి వెళ్లడమా? మా ఇంటామె మాత్రం ఊరుకునేది కాదు.

“అద్దాలు పెట్టుకుంటే నీ నౌకరి గుంజుకుంటరా? బియ్యంల రాళ్లు కనవడుతలేవు, ఫోన్ల నంబర్ కనవడుతలేదు. గా మేకు ఒక్కటే కనవడాల్నా నీకు?” అనేది.

అవును. ఆ మేకు ఒక్కటే కనబడాలి నాకు.

సరిగ్గా అప్పుడే కొత్త ఆఫీసరు వచ్చింది. మా బిడ్డ వయసుది. మాట మెత్తన, పని గట్టి. ఏటా జరిగే ఫైరింగులో ఈసారి అందరూ కొట్టాల్సిందేననీ, పాసు కానివాళ్లను తుపాకీ డ్యూటీనుంచి తీసి ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి పంపిస్తామనీ ఆర్డరు వేసింది. ఉస్తాదులకూ మినహాయింపు లేదు. కొట్టలేనివాడు నేర్పకూడదట. ఆ మాటలో తప్పు పట్టడానికి చాలా ప్రయత్నించాను, దొరకలేదు. రిటైరయ్యేదాకా రేంజి నాదేనా, కాదా? నా తిండి, నా నిద్ర అన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

ఆ ఆర్డరుకు నాకంటే ఎక్కువ బెదిరిపోయినవాడు ఇంకొకడున్నాడు. మావాళ్లంతా అతన్ని తాండూరోడు అనేవాళ్లు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. రోజూ తాండూరునుంచి రైల్లో వచ్చి డ్యూటీ చేసి వెళ్లేవాడు. అతని భార్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అయినా ఎడమచేత్తోనే దోసెలు పోస్తూ స్టేషన్ దారిలో టిఫిన్ బండి నడిపేది. పిండి రుబ్బడం, చట్నీ నూరడం, బండి తోయడం ఇతని పని. అవన్నీ చేసి, మీద పల్లిచట్నీ వాసనతోనే యూనిఫారం వేసుకుని రైలెక్కేవాడు. అతన్ని దూరం పంపిస్తే బండి ఆగిపోతుంది. అంతకంటే వేరే లెక్క లేదు.

కానీ ఆయనగారికి గురి అన్నది లేదు! నౌకరీలో చేరిన రోజునుంచీ అతని గుండ్లు టార్గెట్ బోర్డు తప్ప అన్నింటికీ తగిలాయి. ఇదివరకు ఇలాంటివాళ్లకు పెన్సిలే దిక్కు. బోర్డుల కింద కందకంలో కూర్చుని గుండ్లు లెక్కపెట్టే మనవాళ్లే, జాలిపడి, టార్గెట్ కాగితానికి పెన్సిలుతో నాలుగు పొడిచేవాళ్లు. చూసీ చూడనట్టు అందరం నడిపించాం. కొత్త మేడం వచ్చీ రాగానే కందకంలోకి వేరే ఊరివాళ్లను దింపింది. పెన్సిలు కథ అంతటితో ముగిసింది.

ఇక నా అద్దాల యాత్ర వినండి. మొదట బస్టాండు పక్కన బండిమీద రెడీమేడ్ అద్దాలు కొన్నాను. పేపరు చక్కగా కనబడింది, మేకు మాత్రం మసకే. ఎందుకంటే మేకు పేపరుకంటే దూరంలో ఉంటుంది. తరవాత ఎవరో చెబితే, ఒకే అద్దంలో అన్ని దూరాలూ కనబడే ఖరీదైన రకం చేయించాను. అందులో దగ్గరి చూపు అద్దం అడుగున ఉంటుంది. అడుగునుంచి మేకును చూడాలంటే గడ్డం ఎత్తాలి. గడ్డం ఎత్తితే చెంప రైఫిలు మీదినుంచి లేస్తుంది. చెంప లేచాక గుండు దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. ఆ అద్దాలు పెట్టుకుని ఒంటరిగా ప్రాక్టీసు చేసి, అవి తీసి గుట్టమీదికి విసిరేసి, మళ్లీ నేనే వెళ్లి తుప్పల్లో వెతుక్కున్నాను. అదీ నా ఓర్పు.

వికారాబాద్‌లో ఇంకో షాపు ఎక్కే ధైర్యం లేదు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి పోలీసు లైన్లో అందరికీ తెలిసిపోతుంది. అందుకని సెలవురోజున రైలెక్కి తాండూరు వెళ్లాను. బండల లారీలు తిరిగే రోడ్డుమీద ఒక పాత అద్దాల దుకాణం. తాతలనాటి వ్యాపార కుటుంబం. సేటు వయసులో చిన్నవాడే.

“ఏం పని చేస్తరు సార్? చదువుడా, రాసుడా, కుట్టుడా?” అని అడిగాడు.

“ఒక మేకు చూడాలె.”

“మేకా? ఎంత దూరంల?”

చెయ్యి చాచి చూపించాను. “ఇంక జర అవతల.”

“మేకును చూసి ఏం చేస్తరు సార్?”

“చూస్త. అంతే.”

సేటు నా ముఖంలోకి ఒకసారి, నా బూట్ల వైపు ఒకసారి చూశాడు. పోలీసు బూట్లు దాచలేం కదా. అద్దాలు మార్చి మార్చి పెట్టాడు. ఏదీ కుదరలేదు. దూరం ఎంతో ఖచ్చితంగా చెప్పమంటాడు, నేనేమో చెయ్యి ఊపుతాను. తుపాకీ దుకాణానికి తేలేను. మరుసటి వారం ఒక వెదురుకట్టె తెచ్చాను. రైఫిలుకు ఆనించి, కంటినుంచి మేకు దాకా ఎంతుందో అంతకు కోసి, చివర నిజంగానే ఒక మేకు కొట్టాను. నిలబడి చూస్తే బాగానే ఉంది. కానీ నేను నిలబడి కొట్టను, పడుకుని కొడతాను. పడుకుంటే తల వంగి చూపు అద్దం పైమూలలోకి వెళుతుంది.

“సేటూ, నేల మీద పండాలె.”

“పండుర్రి సార్,” అన్నాడు, పాపం, ఏమనలేక.

కౌంటరు ముందు బోర్లా పడుకుని కట్టె చెంపకు ఆనించుకుని వీధివైపు గురిపెట్టాను. సేటు పక్కన గొంతుకూర్చుని నా ముక్కుమీది ఫ్రేములో అద్దాలు మారుస్తున్నాడు. సరిహద్దు ఊరినుంచి వచ్చిన ఒక ముసలామె “ఏనాయ్తు ఇవరిగె?” అని కన్నడంలో అడిగింది. ఈయనకేమైందని. సేటు ఏదో సర్దిచెప్పాడు. సరిగ్గా ఆ క్షణాన తలుపులోంచి పల్లిచట్నీ వాసన వచ్చింది.

“అన్నా! గిదేంది? దుకాణంల పండి ఎవన్ని కొడుతున్నవ్?”

తాండూరోడు. భార్య అద్దాల కాడ విరిగితే వేయించుకోవడానికి వచ్చాడట.

“నోర్మూసుకొని తలుపు దగ్గరికెయ్,” అన్నాను, నేలమీదినుంచే.

ఆ రోజుతో నా గుట్టు అతని చేతికి చిక్కింది. చివరిదాకా ఎవరికీ చెప్పలేదు, అది అతని గొప్పతనం. పక్కన నిలబడి నా అద్దాల ఎంపిక మొత్తం చూశాడు. సేటు రెండు నంబర్లు తేల్చాడు.

“సార్, గిది పెడితే మేకు సాఫ్‌గ కనవడ్తది, కని దూరం బాగ మసకైతది. జర తక్కువది పెట్టుకుంటే మేకు కొద్దిగ మసక, దూరం కొద్దిగ మసక. రెండూ నడుస్తయ్. నా మాటిని తక్కువది తీసుకోండ్రి.”

“నడిచేది నాకొద్దు సేటూ. మేకు సాఫ్‌గ కనవడాలె. దూరం సంగతి నాకిడువు. గా బోర్డులు ఎక్కడున్నయో నాకు కండ్లు మూసుకున్నా ఎరుకే.”

ఇది వట్టి పొగరు అనకండి. మేకు స్పష్టంగా ఉండాలి, టార్గెట్ మసకబారినా పరవాలేదని మాకు మొదటిరోజే నేర్పుతారు. నేనూ అదే నేర్పాను. అయితే మసక అన్నదానికీ ఒక హద్దు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన సేటు మాట వినలేదు.

తాండూరోడు నన్ను షాపునుంచి తన బండి దగ్గరికి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. అతని భార్య ఎడమచేత్తోనే గ్లాసు అందించింది. ఆమె అటు తిరగగానే గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నా, నీకు అద్దాలు దొరికినయ్. మరి నా సంగతేంది? ఈసారి పెన్సిల్ గూడ లేదాయె. నన్ను యాడికన్న పంపితే ఈమెతోని బండి నూకుడైతదా?”

“నేను నేర్పిస్త తమ్మీ, ఫికర్ చెయ్యకు,” అన్నాను.

నేర్పించాను. మోచెయ్యి సరిచేశాను, కాళ్లు సరిచేశాను, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో చెప్పాను, తిట్టాను, బతిమాలాను. గుండు బోర్డుకు తగల్లేదు. ఎందుకు తగలడం లేదో నాకు అంతుపట్టలేదు. నా బుర్రలో అప్పుడు నా మేకు తప్ప ఇంకేమీ లేదు మరి.

ఫైరింగు రోజు వచ్చింది. ఎప్పుడూ నేను అంచున మొదటి బోర్డుకే కొట్టేవాణ్ని. ఆ రోజు మేడం, “ఉస్తాద్ గారూ, మీరు మధ్యలో ఉండండి. అందరూ చూసి నేర్చుకుంటారు,” అంది. నాకు నాలుగో బోర్డు ఇచ్చారు. నా కుడిపక్కన, ఐదో బోర్డుకు, తాండూరోడు. కర్పూరం మసి పట్టించుకుని పడుకున్నాను. ఎడమ మోచేతి కింద రాయి గుచ్చుకుంటే కాస్త జరిగి సర్దుకున్నాను. జేబులోంచి కొత్త అద్దాలు తీసి, ఎవరేమనుకున్నా సరేనని, పెట్టుకున్నాను.

అబ్బ, ఏం చెప్పమంటారు! మేకు కనబడింది. ఇరవై అయిదేళ్ల వయసులో కనబడినట్టు, నల్లగా, అంచులు పదునుగా. సంతోషంతో కళ్లు చెమర్చాయి. అవతల బోర్డులు బూడిదరంగు మచ్చల్లా వరసగా ఉన్నాయి. మేకు ముందున్న మచ్చకింద కొనను నిలబెట్టాను. ఒళ్లు సద్దుమణిగింది. ఐదు గుండ్లు, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా కొట్టాను. ఎక్కడికి పోయాయో చూడాల్సిన పని కూడా లేదనిపించింది. అంత బాగా కొట్టానని చేతికి తెలుస్తుంది.

కందకంలోనుంచి వాకీటాకీలో ఒక్కొక్క బోర్డు లెక్క చెబుతున్నారు. మూడో బోర్డు అయింది.

“నాలుగో బోర్డు, వాష్ అవుట్,” అన్నారు. ఒక్క గుండూ తగల్లేదని దాని అర్థం.

మళ్లీ చూడమంది మేడం. మళ్లీ చూసి అదే చెప్పారు.

“ఐదో బోర్డు, ఐదుకు ఐదు. అన్నీ ఒక్క జాగలనే ఉన్నయ్ మేడం.”

ఎర్రజెండా దింపాక అందరం బోర్డుల దగ్గరికి నడిచాం. అద్దాలు తీసేశాను. దూరపు చూపుకు నాకు లోపం లేదు, అద్దాలు తీస్తే బోర్డులు బాగానే కనబడతాయి. ఐదో బోర్డు మీద ఐదు చిల్లులు, అరచెయ్యి పెడితే మూసుకుపోయేంత దగ్గరగా, కొంచెం ఎడమకు, కొంచెం కిందికి వాలి. ఏళ్లతరబడి చిల్లులు చూసి అవి ఎవరివో చెప్పినవాణ్ని, నావి నేను గుర్తుపట్టనా? మోచేతికింద రాయి, నేను జరగడం, ఆ బూడిద మచ్చ, అన్నీ ఒక్కసారిగా కలిశాయి. పడుకోగానే తలెత్తి నీ బోర్డు నంబరు చూసుకో అని ఎన్ని వందలమందిని గద్దించానో! ఆ అద్దాల్లోంచి చూసినా నంబరు కనబడదని నేనసలు తలే ఎత్తలేదు. పక్కవాడి బోర్డుకు కొట్టాను. పక్కవాడివి ఐదూ, ఎప్పటిలాగే, బోర్డుల వెనక మట్టికట్టలోకి పోయాయి.

మేడం తాండూరోడి వైపు తిరిగింది. “శభాష్! ఎవరు నేర్పారు మీకు?”

“ఉస్తాదే మేడం,” అన్నాడు. అతని ముఖంలో ఏముందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

“మరి మీకేమైంది ఉస్తాద్ గారూ? రైఫిల్‌లో ఏమైనా లోపముందా?”

ఆ గుండ్లు నావి అంటే నా రేంజి నాకుంటుంది. అతను మళ్లీ కొట్టాలి. మళ్లీ కొడితే ఏమవుతుందో నాకు తెలుసు, ఆ ఎడమచేతి గ్లాసూ గుర్తుంది. ఇదంతా నా మంచితనం అని చెప్పుకోవచ్చు. కానీ ఇంకొకటి కూడా ఉంది, దాచను. ముసలితనంతో గురి తప్పినవాణ్ని చూసి జనం జాలిపడతారు. పక్కబోర్డుకు కొట్టిన ఉస్తాద్‌ను చూసి జిల్లా జిల్లాల్లో నవ్వుతారు. ఆ రెండింటిలో ఏది నా నోరు మూసిందో ఇవాళ్టికీ తేల్చుకోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

“రైఫిల్ మంచిగున్నది మేడం. కండ్లే పోయినయ్,” అన్నాను.

అన్నాళ్లు దాచిన మాట అంతమంది ముందు నా నోటితో నేనే అన్నాను. నా కేకలు తిన్నవాళ్లంతా నేలచూపులు చూశారు. ఒక్కడు నవ్వినా బాగుండేది, వాణ్ని తిట్టుకుని అయినా ఊపిరి తీసుకునేవాణ్ని.

మనుషులు తక్కువైంది కందకంలోనే కాబట్టి నన్ను అక్కడికి మార్చారు, గుండ్ల లెక్క మాత్రం వేరే ఊరివాళ్లదే. పైన గుండ్లు పోతుంటే కింద నక్కి కూర్చోవడం, ఆగాక లేచి బోర్డుల చిల్లులకు మైదా జిగురుతో కాగితం ముక్కలు అతికించడం. కుదురులేని నావంటివాడికి అంతకంటే శిక్ష ఏముంటుంది? కాళ్లు చాపితే గోడ, లేస్తే గుండు. కొన్నాళ్లకు తాండూరోడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“అన్నా, మేడం నన్ను ఉస్తాద్ జేసింది! నీ జాగల!”

అబద్ధమెందుకు, ఆ క్షణంలో అతన్ని కందకంలోకి తోసేయాలనిపించింది. “మంచిదే కదా,” అన్నాను.

“ఏం మంచి? నాకు నేర్పుడేమొస్తదన్నా?”

“ఐదుకు ఐదు కొట్టినోనివి. నీకు రాకపోతే ఎవనికొస్తది?”

సూటిగా ముఖంలోకి చూస్తూ అన్నాను. తల దించుకుని బూట్లు చూసుకున్నాడు.

అయినా వదిలేయలేకపోయాను. చేతకాని ఉస్తాద్ చేతికింద పిల్లలు తుపాకీ పట్టడం నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. రోజూ మధ్యాహ్నం కందకం నీడలో ఖాళీ రైఫిలుతో అతన్ని పడుకోబెట్టి, ఈసారి వెనక కాకుండా, పక్కనుంచి ముందుకు జరిగి అతని ముఖం కనబడేలా కూర్చున్నాను. వేరే చోటు లేదు అక్కడ. అప్పుడు కనబడింది. ట్రిగ్గర్ నొక్కే ముందు రెండు కళ్లూ గట్టిగా మూసుకుంటున్నాడు! చప్పుడుకు భయం. ఇన్నేళ్లూ నేను నేర్చుకునేవాళ్ల గుండ్లనే చూశాను కానీ మనిషి ముఖం చూడలేదు. గొట్టంమీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా నొక్కడం నేర్పాను. మరుసటి ఏడు ఫైరింగులో మూడు కొట్టాడు. దగ్గరదగ్గరగా కూడా లేవు, తలా ఒక మూల. కానీ అవి అతనివే. పాసయ్యాడు.

ఆ తరవాత కొత్త బ్యాచ్ వచ్చిన రోజు. నేను కందకంలో మైదా కలుపుతున్నాను. పైన అతను పాఠం చెబుతుంటే వాకీటాకీ తెరిచే ఉండి మాకు అంతా వినబడుతోంది. బాగా చెబుతున్నాడు. తప్పిపోవడంలో అతనికి తెలియని రకం లేదు కదా, ఎవడు ఎందుకు తప్పుతాడో ముందే పసిగట్టేస్తున్నాడు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది కానీ నాకంటే మంచి ఉస్తాద్.

“ఇనుర్రి,” అంటున్నాడు. “మేకు సాఫ్‌గ కనవడొచ్చు, చెయ్యి వణకకపోవచ్చు. కని పండంగనే తలకాయ లేపి నీ బోర్డు నంబర్ చూసుకోకపోతే గా గుండ్లు నీయి గావు. నాకెరుకైన ఒక ఉస్తాద్ ఉండె. ఆయనంత కొట్టేటోడు జిల్లాలనే లేడు. ఒక దినం ఐదు గుండ్లు పక్కోని బోర్డుకు కొట్టిండు. గా పక్కోడు ఇప్పటిదాంక గవి మొయ్యలేక సస్తుండు.”

పిల్లలు పడీపడీ నవ్వారు. కందకంలో నా పక్కనున్నవాడు కూడా నవ్వి, “ఎవలే గా ఉస్తాద్?” అన్నాడు. నేను తల వంచుకుని మైదా ఇంకా గట్టిగా కలిపాను.

జెండా దించాక కందకంలోకి దిగి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. నా పక్కవాడు నీళ్లకు వెళ్లేదాకా ఆగాడు.

“మా ఇంటామె ఇడ్లీలు పంపింది. గా దినం నుంచి రోజూ తీసుకపొమ్మంటుంది, నేనే తేలే.”

“ఆమెకెరుకేనా?”

“గా దినమే ఇంటికి పోంగనే చెప్పిన.”

“మరి నాకెందుకు చెప్పలేవు?”

“నువ్వు చెప్పినవా?”

అతను గోడకు ఆనుకుని కూర్చుని, నెమ్మదిగా, నేను తొందరపెట్టడానికి వీల్లేనంత నెమ్మదిగా అన్నాడు.

“చిల్లులు చూడంగనే నీయని తెలిసిందన్నా. నీ ముఖం దిక్కు చూసిన. నువ్వు నోరు తెరుస్తే, అవును మేడం అందామనుకున్న. బదిలీ అయితే కానియ్, బండి అమ్ముకుంటమనుకున్న. నువ్వు కండ్లు పోయినయంటివి. ఇగ నేను నిజం చెప్తే, ఉస్తాద్ పక్క బోర్డుకు కొట్టిండని ఊరూరా నవ్వుతరు. నీ ఇజ్జత్ పోతది. గందుకే మూసుకున్న.”

ఇన్నాళ్లూ అతని ఇల్లు నిలబెట్టింది నేనేనని లోలోపల మీసం తిప్పుకుంటూ తిరిగాను. అతనేమో ఇంటికే ఎసరు పెట్టుకోవడానికి సిద్ధపడి, నా పరువుకోసం నోరు కట్టుకుని, నా తిట్లు తిని, నా కుర్చీలో ముళ్లమీద కూర్చున్నాడు. సిగ్గేసింది. కళ్లు పోయినందుకు కలగని దుఃఖం అప్పుడు కలిగింది, ఏడ్చాను.

“తిను అన్నా, సల్లగైతయ్,” అని డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు.